నిలబడే ఉద్యోగం

మన ఇళ్ళల్లో ఆడపిల్లల ఉద్యోగాలకి ఒక వరస ఉంది. గవర్నమెంటు టీచరంటే అందరి మొహాలూ విప్పారతాయి. బ్యాంకంటే ఇంకాస్త ఎక్కువ. సాఫ్ట్‌వేరంటే ఇక చెప్పక్కర్లేదు. అదే "మా అమ్మాయి షాపింగ్ మాల్లో సేల్స్‌లో చేస్తోందండీ" అని చెప్పి చూడండి. అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "పోన్లెండి, ఏదో ఒకటి" అంటారు, ఓదారుస్తున్నట్టు. పెళ్ళిచూపుల దాకా వచ్చేసరికి ఆ ఉద్యోగం బయోడేటాలో "ప్రైవేట్ జాబ్" అయిపోతుంది.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. "వాళ్ళకేం కష్టమండీ! పొద్దస్తమానం ఏసీలో, శుభ్రంగా తయారై నిలబడ్డమే కదా. మన వంటింట్లో నిలబడమనండి తెలుస్తుంది" అంటారు.

ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. మొదటిది ఆ పని చేసే పిల్లని చిన్నబుచ్చుతుంది. రెండోది ఆ పనిలో ఉన్న కష్టాన్ని లేదనేస్తుంది. మా చెల్లెలి తోటికోడలు ఒక పెద్ద బట్టల మాల్లో పట్టుచీరల సెక్షన్లో చేసింది. మా వీధిలోనే ముగ్గురు సూపర్ మార్కెట్లకి వెళ్తారు. ఏళ్ళ తరబడి వాళ్ళు చెప్పేవి వింటూ, పండక్కి పెళ్ళికి కొనుగోళ్ళకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూస్తూ ఉన్నాను. అందుకే ఆ పని ఎలా ఉంటుందో, అందులో మనం ఏం అడగాలో, నాకు అనిపించింది రాస్తున్నాను.

అసలు ఆ పనేమిటో ముందు చూద్దాం. షట్టరు పదింటికి లేస్తే వాళ్ళు తొమ్మిదిన్నరకల్లా లోపల ఉండాలి. హాజరు, యూనిఫాం చీర కుచ్చిళ్ళు సరిగ్గా ఉన్నాయా లేదా, తలలో పువ్వు ఉందా లేదా, నిన్న ఎంత అమ్మారు, ఇవాళ ఎంత అమ్మాలి - ఇదంతా ఆ అరగంటలో. ఫోను లాకర్లో పెట్టేయాలి. ఇంట్లో పిల్లాడికి జ్వరం వచ్చినా, సెక్షన్ సూపర్‌వైజరుకో రిసెప్షనుకో ఫోను చేస్తే తప్ప కబురందదు. రాత్రి ఆఖరి కస్టమరు బిల్లు కట్టి బయటికి నడిచాక అసలు పని మొదలవుతుంది. పొద్దుటి నుంచి విప్పిన చీరలన్నీ మళ్ళీ పాత మడతల్లోనే మడవాలి. పట్టుచీర మడత తప్పితే జరీ దెబ్బతింటుంది. కొంగు పైకి కనపడాలి, ధర చీటీ ఊడకూడదు. అరల్లో సర్ది, లెక్క సరిచూసి, బ్యాగు చెకింగ్ అయ్యి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆఖరి బస్సు ఉంటే ఉంటుంది, లేకపోతే షేర్ ఆటో.

ఇది చదువు అక్కర్లేని పని అనుకునేవాళ్ళు ఒకసారి పెళ్ళి బట్టల గుంపు ముందు నిలబడి చూడాలి. పన్నెండు మంది వస్తారు. అందులో డబ్బు పెట్టేది ఒకరు, చీర కట్టుకునేది ఒకరు, నచ్చిందని చెప్పాల్సింది ఇంకొకరు. ఆ మూడోమనిషి ఎవరో మూడు నిమిషాల్లో కనిపెట్టాలి. "ఎంతలో చూపించమంటారమ్మా?" అని అడిగితే పెళ్ళికూతురి తల్లి ఒక అంకె చెప్తుంది. ఆ అంకె నిజమైనదా, పక్కన వియ్యపురాలు ఉందని చెప్పినదా - గొంతుని బట్టి తెలుసుకోవాలి. గద్వాల చీరకి పట్టు అంచూ కొంగూ ఎలా కలుపుతారో, ఉప్పాడ జమ్దానీ ఎందుకంత తేలిగ్గా ఉంటుందో, పోచంపల్లిలో నూలుకి ముందే రంగు ఎలా కడతారో, ధర్మవరానికీ కంచికీ చేతికి తగిలే తేడా ఏమిటో చెప్పాలి. మా చెల్లెలి తోటికోడలు చదివింది ఇంటర్మీడియట్. కళ్ళు మూసుకుని చీర అంచు వేళ్ళ మధ్య రుద్ది, ఇది ఏ ఊరిదో, సుమారుగా ఎంత పలుకుతుందో చెప్పేది. ఇదే విద్య ఫ్యాషన్ డిజైనింగ్ కాలేజీలో నేర్చుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. మాల్లో నేర్చుకుంటే "సేల్స్ గర్ల్" అంటారు, యాభై ఏళ్ళొచ్చినా సరే.

సూపర్ మార్కెట్ పని ఇంకో తీరు. పాలపెట్టెలు, నూనె డబ్బాలు దించుకోవడం, పాత సరుకు ముందుకీ కొత్త సరుకు వెనక్కీ సర్దడం, తేదీ దాటినవి ఏరి పక్కన పెట్టడం, కూరగాయల కోడ్‌లు కంఠతా పట్టడం. బిల్లింగ్ కౌంటర్లో కూర్చుంటే - పొరబాటున రాశాను, కౌంటర్లో నిలబడితే - చిల్లర లెక్క తేడా రాకూడదు. చాలాచోట్ల రాత్రి క్యాషు తక్కువొస్తే కౌంటర్లో ఉన్న పిల్లే కట్టుకోవాలి. ఎక్కువొస్తే మాత్రం ఆ పిల్లకి ఇవ్వరు.

మీరు గమనించారో లేదో, ఒకే దుకాణంలో యూనిఫాం రంగులు వేరువేరుగా ఉంటాయి. టీపొడి దగ్గర నిలబడ్డ అమ్మాయి టీపొడి కంపెనీ మనిషి. క్రీముల దగ్గర ఉన్న అమ్మాయి క్రీముల కంపెనీ పెట్టిన మనిషి. తుడిచే ఆమె ఏజెన్సీ మనిషి. బిల్లు కొట్టే ఆమె మాత్రం ఆ దుకాణం మనిషి, అది కూడా అన్నిచోట్లా కాదు. ఒకే కప్పు కింద, ఒకే గచ్చు మీద, నలుగురు యజమానులకి పనిచేసే మనుషులు. ఎవరికి పీఎఫ్ కడుతున్నారు, ఎవరికి కట్టడం లేదు, సెలవు ఎవరిని అడగాలి అన్నవి వాళ్ళకే సరిగ్గా తెలియవు.

ఇక నిలబడ్డం సంగతికి వస్తాను. నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. కస్టమరు లేకపోయినా కూర్చోకూడదు. గోడకి ఆనుకోకూడదు. ఎక్కడ ఆనుకున్నారో కెమెరాలో కనపడుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే ఆ కాసేపే కాళ్ళకి విశ్రాంతి. నాలుగో అంతస్తులో పనిచేసే పిల్ల సెల్లారులో ఉన్న భోజనాల గదికి మెట్లు దిగి, మళ్ళీ మెట్లెక్కి రావాలి, ఎందుకంటే లిఫ్టు కస్టమర్లకి. బాత్‌రూముకి వెళ్ళాలంటే పక్కనున్న అమ్మాయికి సెక్షన్ అప్పజెప్పి, చెప్పి వెళ్ళాలి. అన్నిసార్లు చెప్పడానికి మొహమాటపడి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు ఎంతమందో! మా వీధి పిల్ల ఒకమ్మాయి పొద్దున్న నింపుకెళ్ళిన సీసాని రాత్రి అలాగే తెచ్చేది. చివరికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మందులు వాడాల్సి వచ్చింది. పదేళ్ళు చేసినవాళ్ళ పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి. చీర కుచ్చిళ్ళ వెనక అవి మనకి కనపడవు.

"వ్యాపారమన్నాక కస్టమరు ముందు కూర్చుంటే మర్యాదగా ఉంటుందా?" అని అడుగుతారు. మన పాత బట్టల కొట్లు గుర్తు తెచ్చుకోండి. నేల మీద తెల్లటి దుప్పటి పరిచిన పరుపులు ఉండేవి. చెప్పులు బయట విడిచి మనం కూర్చునేవాళ్ళం, ఎదురుగా అమ్మేవాళ్ళూ కూర్చునేవాళ్ళు. కూర్చునే చీర విప్పి మన ఒళ్ళో పరిచేవాళ్ళు. ఇప్పటికీ కొన్నిచోట్ల పట్టుచీరల దగ్గర ఆ పరుపులున్నాయి. అలా కూర్చుని అమ్మితే ఎవరి మర్యాదా పోలేదు, ఎవరి వ్యాపారమూ దెబ్బతినలేదు. అద్దాల కౌంటర్లూ గాజు తలుపులూ వచ్చాకే నిలబడ్డం మర్యాద అయింది.

ఈ విషయంలో కేరళ ఆడవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కోళికోడ్‌లో మిఠాయి తెరువు అని పెద్ద బజారు వీధి ఉంది. అక్కడ దర్జీ పని చేసుకునే విజి అనే ఆవిడ చుట్టుపక్కల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళని పోగుచేసి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. ఆడవాళ్ళ జట్టు అని అర్థం. వాళ్ళు మొదట అడిగింది జీతం పెంచమని కాదు, బాత్‌రూములు కట్టమని. ఆ తర్వాత కూర్చునే హక్కు అడిగారు. "కూర్చోవాలంటే ఇంట్లోనే కూర్చోవచ్చుగా" అని ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని మార్చి, పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి ఏర్పాటు చెయ్యాలని రాసింది. ఆ ఏడాది బీబీసీ వాళ్ళు ప్రపంచంలో వందమంది మహిళల జాబితా వేస్తే అందులో విజి పేరు ఉంది. తర్వాత 2021లో తమిళనాడు కూడా తన దుకాణాల చట్టంలో ఇదే మాట చేర్చింది. అక్కడి టీ నగర్ బట్టల కొట్లలో పనిచేసే పిల్లల బతుకు మీద 2010లో వసంతబాలన్ తీసిన 'అంగాడి తెరు' సినిమా మన దగ్గర 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చింది. చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అమెరికాలో మనవాళ్ళు అడుగుపెట్టగానే వెళ్ళే వాల్‌మార్ట్ సంగతీ అంతే. కాలిఫోర్నియాలో క్యాషియర్లకి కుర్చీ ఇవ్వలేదని కోర్టుకెక్కితే, 2018లోనే ఆ కంపెనీ ఆరున్నర కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఆ కేసు దాదాపు లక్ష మంది క్యాషియర్ల తరఫున నడిచింది. జర్మనీలో అయితే సూపర్ మార్కెట్లో క్యాషియరు కూర్చునే బిల్లు కొడుతుంది. అక్కడ అదేమీ విడ్డూరం కాదు.

అంతదూరం ఎందుకు, మన దేశంలోనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, నిలబడి పనిచెయ్యాల్సిన కార్మికులకి వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి తగిన ఏర్పాటు ఉండాలని రాశారు. మరమగ్గం దగ్గర నిలబడ్డ మనిషికి అప్పుడే ఒప్పుకున్న సంగతి, ఆ మగ్గం మీద నేసిన చీరని అమ్మే మనిషికి ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టడమేమిటో నాకు అర్థం కాదు. మన రెండు రాష్ట్రాల దుకాణాల చట్టాల్లోనూ ఈ మాట స్పష్టంగా ఉండాలి. ఒక స్టూలుకి ఎంతవుతుందండీ? పట్టుచీరకి ఫాల్ కుట్టించినంత.

ఇంత చెప్పాక "అయితే ఆ ఉద్యోగాలకి పంపొద్దంటారా?" అని మీరడుగుతారు. నేను అస్సలు అలా అనను. పంపమనే చెప్తాను.

ఎందుకంటే అంతకుముందు ఆ ఆడవాళ్ళకి ఉన్న దారులేమిటో నాకు తెలుసు. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడితే, డబ్బులు వచ్చే వారం ఇస్తామంటారు. చిన్న కొట్లో చేరితే జీతం యజమాని ఇష్టం, చీటీ లేదు, సెలవు లేదు, కొట్టు వెనక ఇంట్లో పని కూడా అప్పుడప్పుడు చేసిపెట్టాలి. పెద్ద కంపెనీలో చేరితే కనీసం చేతికి ఒక కాగితం వస్తుంది. ఆ పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతా తెరుస్తారు. జీతంలో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది, యజమాని కూడా అంతే వెయ్యాలి. నెల జీతం 21,000 దాటనివాళ్ళకి ఈఎస్ఐ ఉంటుంది. దానికి పిల్ల జీతంలోంచి పోయేది వందకి ముప్పావు రూపాయి, యజమాని వేసేది మూడుంబావు. ఆ కార్డు మీద పిల్లలకీ, ఆమె మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకీ కూడా వైద్యం దొరుకుతుంది. ఇవి చిన్న సంగతులు కావు.

ఇంకోటి కూడా చూశాను. మాట్లాడ్డమే రాని పిల్ల ఆర్నెల్లు మాల్లో చేశాక మామగారితో కూడా లెక్కగా మాట్లాడుతుంది. మా చెల్లెలి తోటికోడలు పెళ్ళైన కొత్తలో గుమ్మం వెనక నిలబడి జవాబు చెప్పేది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇంటి గోడకి సున్నాలు వెయ్యాలా, గ్రైండరు కొనాలా అన్నదానికి అత్తగారు ఆమెని పిలిచి అడగడం నేను విన్నాను. డబ్బు చేతిలోకి వస్తే ఇంట్లో మనిషి కూర్చునే చోటు మారుతుంది.

కానీ ఆ ఇంట్లో మిగతావన్నీ మారాలిగా? ఇక్కడే మనవాళ్ళు సరిగ్గా ఆలోచించరు. ఊరందరికీ ఆదివారం సెలవైతే మాల్లో పనిచేసే ఆమెకి ఆదివారం ఊపిరాడని రోజు. వారంలో సెలవు మంగళవారమో బుధవారమో ఇస్తారు. ఆ రోజు పిల్లలు బడిలో ఉంటారు, మొగుడు పనిలో ఉంటాడు. ఆమె మాత్రం వారం రోజుల బట్టలు ఉతుక్కుంటూ ఉంటుంది. ఆషాఢం తగ్గింపులు, శ్రావణమాసం వ్రతాలు, దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, ఉగాది, రంజాన్ - మనకి పండగ అంటే ఆమెకి సెలవు దొరకని వారం. వరలక్ష్మీ వ్రతానికి ఊరంతటికీ చీరలు అమ్మి, తన ఇంట్లో కలశం పెట్టుకోవడానికి తెల్లవారుజామున మూడింటికి లేచేవాళ్ళున్నారు. రాత్రి పదిన్నరకి ఇల్లు చేరిన కోడలికి సింకు నిండా గిన్నెలు ఎదురొస్తే, ఇక ఆ జీతం ఎవరి సుఖానికి? పగలంతా నిలబడి వచ్చిన మనిషికి పళ్ళెంలో అన్నం పెట్టి "కూర్చుని తిను" అనే ఒక్క మనిషి ఇంట్లో ఉంటే చాలు, ఆ ఉద్యోగం నిలబడుతుంది. నేను చూసినంతలో సగంమంది మానేసింది మాల్లో కష్టానికి కాదు, ఇంట్లో సాయం లేక.

మా చెల్లెలి తోటికోడలి విషయంలో మాత్రం ఇంట్లోవాళ్ళ తప్పేమీ లేదు. నాలుగున్నరేళ్ళు చేశాక ఆమెకి నెల తప్పింది. ఐదో నెలలో కాళ్ళు బాగా నీరు పట్టాయి. కాసేపు కూర్చోనిస్తే చాలని సూపర్‌వైజరుని అడిగింది. "నిన్ను కూర్చోబెడితే రేపు అందరూ కూర్చుంటామంటారు" అన్నాడు. బిల్లింగుకి మార్చమంది. ఖాళీ లేదన్నారు. రెండు వారాలకి మేనేజరు పిలిచి చాలా మెత్తగా, "నీ ఆరోగ్యం కోసమే చెప్తున్నానమ్మా, ఇప్పటికి రాజీనామా రాసిచ్చి వెళ్ళు, కాన్పయ్యాక వస్తే చూద్దాం" అన్నాడు. అంత మర్యాదగా చెప్పాడు కాబట్టి రాసిచ్చేసింది. పాప పుట్టాక వెళ్తే, కొత్తవాళ్ళని తీసేసుకున్నాం అన్నారు.

ఆ ఒక్క కాగితంతో ఆమె పోగొట్టుకున్నవి లెక్కపెట్టుకుందాం. ప్రసూతి చట్టం 1961 నాటిది. 2017లో సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు ఉంది. కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకైతే ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది, యజమాని జేబులోంచి పైసా కదలదు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం చట్టానికి విరుద్ధం. అందుకే తియ్యరు, రాజీనామా రాయించుకుంటారు. ఇంకొన్నాళ్ళు పేరు రిజిస్టర్లో ఉండి ఉంటే ఐదేళ్ళు నిండి గ్రాట్యుటీ కూడా వచ్చేది. అదీ పోయింది.

ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది, చాలామందికి తెలియదు. గర్భిణి అడిగితే ఆమెకి బరువు పనీ, ఎక్కువసేపు నిలబడే పనీ చెప్పకూడదు. కాకపోతే ఆ రక్షణ మొదలయ్యేది కాన్పుకి ఆరు వారాల ముందుండే నెలరోజుల నుంచి. అంటే సుమారు ఏడో నెల చివర. ఐదో నెలలో కాళ్ళు వాచిన మనిషికి ఆ మాట అక్కరకు రాదు. స్టూలు అక్కరకొస్తుంది. కూర్చునే హక్కు అందరికీ, అన్ని రోజులూ ఉంటే గర్భిణి ప్రత్యేకంగా బతిమాలుకునే పనే ఉండదు. "రేపు అందరూ కూర్చుంటామంటారు" అన్న ఆ సూపర్‌వైజరు భయం ఉంది చూశారూ, నా కోరిక సరిగ్గా అదే. అందరూ కూర్చోవాలి.

కాబట్టి మన ఇంటి పిల్ల, కోడలు, పనిమనిషి కూతురు ఎవరైనా ఇలాంటి ఉద్యోగంలో చేరతానంటే "ఏదో ఒకటి" అనకుండా, పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని సంగతులు అడగమని చెప్పండి. నియామక పత్రం ఎవరి పేరు మీద ఇస్తారు, దుకాణమా, ఏజెన్సీయా? ఏజెన్సీ అయితే దాని పేరేమిటి, ఆఫీసు ఎక్కడ? పీఎఫ్ నంబరు ఎప్పుడిస్తారు? నంబరు వచ్చాక ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు. జీతంలో కోసిన డబ్బు నిజంగా జమ అవుతోందా లేదా అన్నది ప్రతి నెలా చూసుకోవాలి. వారానికి పని 48 గంటలు, అది దాటితే రెట్టింపు జీతం ఇవ్వాలన్నది మన దుకాణాల చట్టం. పండగ రోజుల్లో ఎక్కువసేపు ఉంచితే ఆ లెక్క చీటీలో ఎలా రాస్తారో అడగాలి. క్యాషు తేడా వస్తే ఎవరు కట్టాలో చేరకముందే తెలుసుకోవాలి. రాత్రి ఇల్లు చేర్చే బండి ఉందా? పదిమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది, అందులో ఎవరెవరున్నారో గోడ మీద రాసి పెట్టారా? యాభైమంది పైబడి ఉంటే పసిపిల్లల గది ఉండాలి, ఉందా? ఇవన్నీ అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడే పిల్ల ఒక్కతే అడగక్కర్లేదు. ముందే చేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళని కలిస్తే పది నిమిషాల్లో చెప్పేస్తారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఎవరెంత తియ్యగా అడిగినా, ఇంటికి తెచ్చుకుని రాత్రి ఆలోచించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని.

పెద్ద కంపెనీ కదా, ఎప్పటికీ ఉంటుందన్న ధీమా కూడా పనికిరాదు. సుభిక్ష దుకాణాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1997లో చెన్నైలో మొదలై, దేశమంతా పదహారు వందల దాకా పెరిగి, 2009లో షట్టర్లు దించేసింది. ఆ కౌంటర్ల వెనక నిలబడ్డ పిల్లలు జీతాల బకాయిలతో రోడ్డున పడ్డారు. మన త్రినేత్ర సూపర్ మార్కెట్లని 2007లో బిర్లాలు కొన్నారు, బోర్డుల మీద 'మోర్' అయింది. బోర్డు మారినప్పుడు పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కాగితం ఉన్నవాళ్ళే అడగగలరు. పేస్లిప్పులు ఒక ఫైలులో దాచుకోవడం ఆధార్ కార్డు దాచుకోవడమంత అలవాటు కావాలి.

ఇక మన వంతు. పండక్కి మాల్ నిండా ఉండేది మనమే, ఆడవాళ్ళమే. వాళ్ళ రోజు ఎలా గడవాలన్నది కొంత మన చేతుల్లో ఉంది. రాత్రి మూసే వేళకి లోపలికి దూరి, "ఊరికే చూద్దామని" అంటూ నలభై చీరలు విప్పించకండి. ఎంతలో కావాలో నిజం చెప్పండి, మొహమాటపడి ఎక్కువ చెప్తే ఆ పిల్లకి రెండు రకాల శ్రమ. పేరు బ్యాడ్జి మీద ఉంటుంది, "ఏయ్ అమ్మాయ్" అనకుండా ఆ పేరుతో పిలవండి. వయసులో పెద్దావిడైతే "మీరు" అనండి. నిలబడ్డావిడ కాళ్ళు మార్చుకుంటుంటే "కూర్చునే చూపించండమ్మా, నేనూ కూర్చుంటా" అనండి. కస్టమరే అలా అంటే సూపర్‌వైజరు కాదనలేడు. నేను అనడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది, ఒక్కరూ కాదనలేదు.

బిల్లు కట్టేటప్పుడు వెనకాల ఒక పుస్తకం పెడతారు, సలహాలు రాయమని. సాధారణంగా మనం అందులో "పార్కింగ్ బాగోలేదు" అని రాస్తాం. ఈసారి "మీ ఉద్యోగులకి స్టూళ్ళు వెయ్యండి, అప్పటిదాకా మా పెళ్ళి బట్టలు పరుపులున్న కొట్లో కొంటాం" అని రాయండి. మన చట్టసభల వాళ్ళు వినడానికి ఎంతకాలం పడుతుందో గాని, లక్ష రూపాయల పెళ్ళి బట్టలు కొనే కస్టమరు మాట మాల్ యజమాని ఆ సాయంత్రమే వింటాడు. ఒక్కరు రాస్తే నవ్వుకుంటారు. ఈ శ్రావణమాసంలో ఒక్కో మాల్లో ఓ యాభైమంది రాస్తే నవ్వరు.

మా చెల్లెలి తోటికోడలు పాపకి ఇప్పుడు మూడో ఏడు. ఆమె మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటోంది. వంటపనికో, చుట్టుపక్కల ఇళ్ళకో వెళ్ళడం లేదు, మళ్ళీ చీరల సెక్షనే కావాలంటోంది. "నాకు వచ్చిన పని అదే అక్కా, నేను బాగా చేస్తాను కూడా" అంది. ఆ మాటలో గర్వం ఉంది. ఆ పని వచ్చిన మనిషికి దక్కాల్సిన మర్యాదలో నేను అడుగుతున్నవి చాలా కొద్ది - ఒక కాగితం, ఒక స్టూలు, నీళ్ళు తాగే ధైర్యం.